మూడో స్లాటు

రోహిణి కార్తె. ఆటోనగర్.
రేకుల కింద ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో
గోడ మీది బల్లి కూడా కదలడం లేదు.
పొద్దున పదింటి నుంచి
ఈ మిషను ఒకే చోట పడిపోతోంది.

స్విచ్చి నొక్కుతాను.
ఫ్యాను లేస్తుంది, మెమరీ తన లెక్క తాను చూసుకుంటుంది,
తెల్లక్షరాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి
చెక్‌పోస్టు ముందు లారీల్లా.
డిస్కు కంట్రోలరు పేరు వచ్చేసరికి
నీలం.
తెరంతా నీలం.
మళ్లీ మొదటికి.

పదిహేడుసార్లు చూశాను.
పదిహేడోసారి కూడా, ఏమో, దాటుతుందేమోనని
ఊపిరి బిగబట్టాను.
ఇన్నేళ్లయినా పోలేదు నాకు ఈ బుద్ధి.

డిస్కు మంచిదే.
చెవి ఆనించి విన్నాను.
పళ్లెం నున్నగా తిరుగుతోంది, గీకుడు లేదు.
మార్చి నుంచి లారీల కిరాయిలన్నీ అందులోనే,
ఎవరికెంత అడ్వాన్సో, ఎవరి డీజిలు బాకీ ఎంతో.
గుమాస్తా వీరరాఘవులు గారు నా భుజం వెనకే నిలబడి
"పోయినట్టేనా అమ్మా?" అంటారు.
పోలేదండీ.
"మరి కనపడదేం?"
సరుకు గోడౌన్లోనే ఉందండీ, తాళం తిరగట్లేదు.
ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటారు.
బయట బల్ల మీద ఏడుగురు, బత్తా కోసం.
ఒకాయన చెప్పులు తలకింద పెట్టుకుని నిద్రపోయాడు.

"డ్రైవరు మార్చి చూస్తా" అన్నాను పైకే.
బల్ల మీంచి ఒకాయన గబగబా లేచొచ్చాడు,
"ఎవరి బండికి మేడమ్?" అని.

పాత డ్రైవరు వేశాను. కొత్తది వేశాను.
కేబులు మార్చాను.
కార్డు అంచున బంగారు గీతల్ని
పిల్లల రబ్బరుతో రుద్దాను.
నీలం.
బందరు కాలవలో ఏనాడూ చూడని నీలం.

మూడింటికి కరెంటు పోయింది.
యూపీఎస్ కాసేపు ఏడ్చి ఊరుకుంది.
పక్క షెడ్డు నుంచి సుభానీ మేస్త్రి వచ్చాడు,
గ్రీజు చేతుల్లో రెండు టీ గ్లాసులు.
"ఏమంటోంది రిబ్కమ్మా?"
కార్డు తీస్తే లేస్తోంది, పెడితే పడుతోంది.
ఆయనకి కంట్రోలరంటే తెలీదు.
సగం టీ తాగాక అన్నాడు:
"పోయిన నెల ఒక టిప్పరు.
హారను కొడితే ఇంజను ఆగేది.
ఇంజన్లో ఏం లేదు, హారన్లో ఏం లేదు.
రెండూ ఒకే తీగ మీద బతుకుతున్నాయి.
అది చూడ్డానికి మూడ్రోజులు పట్టింది నాకు."

గ్లాసు కింద పెట్టేశాను.

కరెంటు వచ్చాక
ఈసారి పేర్లు వదిలేసి అంకెలు చదివాను.
కంట్రోలరుకి పదకొండు.
పక్క స్లాటులో నెట్‌వర్కు కార్డుకీ పదకొండే.
ఇద్దరు ఒకే తలుపు బాదుతుంటే
ఎవరికి పలకాలో తెలీక
లోపలివాడు కుప్పకూలుతున్నాడు.
పొద్దుట్నించీ ఆ అంకె నా ముందే ఉంది,
పదిహేడుసార్లు.

స్క్రూ విప్పి, కార్డు పీకి,
మూడో స్లాటులో గుచ్చాను.
అక్షరాలు వస్తున్నాయి.
చెక్‌పోస్టు.
ఆగాయి.
వీరరాఘవులు గారు కళ్లు మూసుకుని ఏదో గొణుగుతున్నారు.
కదిలాయి.

ఖాతా తెరుచుకుంది, లారీ నంబర్లతో సహా.
నిద్రపోయినాయనకి వెయ్యీ నూట నలభై.
లేచి, చెప్పులు దులిపి, తొడుక్కున్నాడు.

"ఇక్కణ్ణుంచి తీసి అక్కడ పెట్టినందుకా
మూడొందల యాభై?" అన్నారు గుమాస్తా గారు.
అవునండీ అన్నాను.

మూత బిగించే ముందు
లోపలి వైపు దుమ్ము గుడ్డతో తుడిచాను.
మార్కరుతో ఎవరిదో చేతిరాత, సగం వెలిసిపోయి:
రెండులో పెట్టొద్దు.

కాసేపు ఆ మూత అలాగే పట్టుకున్నాను.
ఆ కింద నా పెన్నుతో
ఆ మాటే మళ్లీ రాశాను, కొంచెం పెద్దక్షరాలతో.