ఏడో వరస

సువార్తమ్మ గారి దగ్గర లేసు ముక్క ఒకటి అడిగి తెచ్చుకున్నాను,
అరచేతి వెడల్పుది.
ఎగుమతికి పనికిరాదని షావుకారు తిప్పి పంపినది.
అట్టపెట్టెకి కిటికీ కోసి
అద్దం ఉండాల్సిన చోట దాన్ని బిగించాను.
లోపల ట్రేసింగు కాగితం, దాని వెనక పాత ఫోను.

నర్సాపురం రేవు, సాయంత్రం ఆరు.
సఖినేటిపల్లి నుంచి పంటు వస్తోంది
మోటారు సైకిళ్ళనీ, కొబ్బరికాయల ఆటోనీ మోసుకుంటూ.
కాగితం మీద పడ్డది మాత్రం
కుడితి రంగు మసక.

నిజానికి అందులో ఉన్నవి నాలుగొందల పంటులు.
లేసుకి ఎన్ని కంతలో అన్ని,
కాస్త కాస్త జరిగి, ఒకదాని మీద ఒకటి,
చేపల పాటలో అందరూ ఒకేసారి అరిచినట్టు.

విడదీయడం లెక్క పని.
ఒక పంటుని ఊహించు.
ఆ ఊహని లెక్కలోని లేసు గుండా పంపు.
వచ్చిన మసకని ఉన్న మసకలోంచి తీసెయ్యి.
మిగిలిన తేడాతో ఊహని దిద్దు. మళ్ళీ పంపు.
ఆ రాత్రి రెండు వందల సార్లు పంపాను.
చారలొచ్చాయి.

పొద్దున్నే నమూనా కాగితం తీసుకెళ్ళి అడిగాను,
"ఈ పువ్వే కదండీ అల్లింది?"
"ఈ పువ్వే. ఏడో వరసలో రెండు ముడులు ఎగిరిపోయాయి.
ఆ వేళ పిల్లోడికి జ్వరం.
అందుకేగా షావుకారు తిప్పి కొట్టాడు!"

నేను లెక్కకి ఇచ్చింది కాగితం మీది పువ్వు.
వెలుగు దూరి వచ్చింది ఆవిడ అల్లిన దాంట్లోంచి.

గది చీకటి చేసి, ఆ చివర ఒక్క చుక్క దీపం పెట్టాను,
అగరొత్తి నిప్పంత.
లేసు తన నీడ తనే రాసిచ్చింది
తప్పిన ముడులతో సహా, లేచిన పీచుతో సహా.

మూడో రాత్రికి పంటు తేలింది.
ముందు రెయిలింగు, తర్వాత చక్రాలు,
ఎవరిదో తెల్ల చొక్కా.

సువార్తమ్మ గారు కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశారు.
"బానే ఉంది. మరి నూకరత్నం ఏదీ?
ఆరింటి పంటుకి రోజూ ఆ అంచునే కూచుంటది."

గరుకంతా చెరిపెయ్యమని చెప్పింది నేనే.
ఎంత నునుపు కావాలో చెప్పే అంకె ఒకటుంటుంది,
దాన్ని సగం చేశాను. మళ్ళీ సగం.
నీళ్ళ మీదా ఆకాశం మీదా ఇసక లేచింది.
పంటు అంచున కూడా కాస్త.
ఒకచోట నాలుగు రేణువులు దగ్గరగా.

నాకవి నాలుగు రేణువులే.
"అదిగో," అన్నారావిడ,
"గంప ఒళ్ళో పెట్టుకుంది చూడు.
ఇవాళ సరుకు మిగిలిపోయినట్టుంది."