రాజోలు కోర్టులో బల్ల

"మీరెప్పుడు బల్ల గుద్దుతారండీ?"
అడిగింది పెచ్చెట్టి మంగాయమ్మ.
రాత్రి ఎనిమిదింటి సీరియల్లో లాయరమ్మ
గుద్దిందంట, దోషి గడగడలాడిపోయాడంట.

రాజోలు కోర్టులో మా బల్లకి ఒక కాలు పొట్టి.
దాని కింద మడిచిపెట్టిన పాత వాయిదాల జాబితా.
గుద్దితే
గడగడలాడేది గుమాస్తాగారి టీగ్లాసే.

అక్కడ ఆఖరి నిమిషంలో
తలుపు తోసుకుని సాక్షి వస్తాడు.
మా సాక్షి సర్వేయరుగారు పోయి మూడేళ్లు.
జిరాక్సులో ఆయన సంతకం
ఏటేటా వెలిసిపోతూ ఇంకా బతికుంది.

"జడ్జిగారు సెలవు" అన్నాడు బంట్రోతు.
ఏడు సెంట్ల గట్టు,
రొయ్యల చెరువులోంచి ఊరిన ఉప్పునీరు,
ఎర్రబారిన కొబ్బరాకులు,
రాత్రి రెండింటిదాకా రాసుకున్న నా ప్రశ్నలు
అన్నీ నల్లకోటు జేబులో చెమటకి తడిసి
దాళ్వా కోతల తర్వాతకి.

సాయంత్రం చూద్దును గదా,
ఆవిడా, ప్రతివాది ముత్యాల్రావూ
ఒకే షేరాటోలో, మోకాళ్లు తగులుతూ.
అతని కూరల సంచి ఆవిడ ఒళ్లో.

ఆటో కదులుతుంటే తల బయటపెట్టి అరిచింది:
"రేపు తీర్పంటండీ!"
ఉలిక్కిపడ్డాను.

సీరియల్లో.