పన్నెండోది

ఈస్ట్ లాన్సింగ్‌లో రాత్రి రెండుంపావు.
బయట రెడ్ సీడర్ నది మీద మంచు పెళుసుగా చిట్లుతోంది.
లోపల నేనూ, వెండెల్లూ, అతని ఉప్పు బిస్కెట్లూ.

గోడకవతల సోడియం పుడుతోంది.
ఈ ఉప్పులోది కాదు,
దానికన్నా తొమ్మిది న్యూట్రాన్లు ఎక్కువ మోస్తున్నది.
ఆయువు రెప్పపాటులో పదోవంతు.

వచ్చి సిలికాన్ పలకలో కూలబడుతుంది.
ఒక న్యూట్రాన్ ప్రోటానవుతుంది.
ఎలక్ట్రాన్ సంతకం పెట్టి పోతుంది,
ఇంకొకటి తన వాటా తీసుకుని
లెక్క చెప్పకుండా గోడలు దాటేస్తుంది.
మిగిలింది మెగ్నీషియం, ఇంకా వణుకుతూ.
ఆ వణుకు వినడానికే మా జీతాలు.

ఇరవై న్యూట్రాన్లు. నిండిన కర్పరం.
నేను చదివిన పాఠం ప్రకారం
అది సున్నుండలా గుండ్రంగా ఉండాలి,
చిన్న తట్టుకి పలక్కూడదు.

మూడింటికి నైట్రోజన్ అలారం.
వెండెల్ చేతితొడుగులు వెతుక్కుంటూ పరుగెత్తాడు.
తిరిగొచ్చేసరికి తెర మీద
ఎనిమిది వందల ఎనభై అయిదు దగ్గర
చీమలపుట్టలా లేచింది శిఖరం.
ఇంత కింది స్థాయిలో పలికిందంటే
సున్నుండ కాదు, కోడిగుడ్డు.

ఇది పాత కబురే,
నేను పుట్టకముందే పట్టుబడిన అబద్ధం.
మాకు కావలసింది దానికి కుడివైపు,
ఎవరూ చూడని చిన్న గుట్ట:
నాలుగు రోజుల బీమ్‌కి పదకొండు చుక్కలు.
గుట్టో, గాలివాటమో.

"పన్నెండోది పడితే నమ్ముతావా?"
"పడితే పన్నెండంటాను."

అతను బిస్కెట్ విరిచాడు. పొడి కీబోర్డు మీద రాలింది.
ఊదుతున్నాను, అప్పుడు పడింది.

పుస్తకంలో నాలుగూ ఏడు నిమిషాలని రాశాను.
పక్కన ఏమీ రాయలేదు.