నాలుగు మడతలు

నాన్న పేటిక మీద కప్పిన తెల్ల జెండా
పార్టీ క్లబ్బుది.
ఉతికి, ఇస్త్రీ చేసి
శుక్రవారంలోగా తిరిగిచ్చేయమన్నారు.
మా మెలో ఊళ్ళో
పోయినవాళ్ళందరికీ అదొక్కటే జెండా.

నాన్న ఒలెగారియో, జీనులు కుట్టేవాడు.
పుట్టినప్పుడే మెడలో
బొడ్డుతాడుతో పాటు తెల్ల రుమాలు చుట్టుకుని ఉందని
మేనత్త జుల్మా ఒట్టేసి చెప్పేది.
తెల్లపార్టీ మాకు సిద్ధాంతం కాదు, రక్తం గ్రూపు.
తమ్ముడికి పార్టీ వీరుడి పేరు,
కుక్కకి అవతలి పార్టీ అధ్యక్షుడి పేరు.

అమ్మ ఎర్రపార్టీ ఇంటి పిల్ల.
ఎరుపంటే విప్లవం అనుకునేరు,
మా దగ్గర ఎరుపైనా తెలుపైనా
ముత్తాతలు యుద్ధంలో టోపీలకి చుట్టుకున్న గుడ్డపీలికలే.
ఉరుగ్వేలో ఆడవాళ్ళు పెళ్ళయినా ఇంటిపేరు మార్చుకోరు.
అమ్మ పార్టీ మార్చుకుంది.

నేను మాంటెవీడియోలో చదువుకుని
కుడి, ఎడమ అని రెండు మాటలు
సంచిలో పెట్టుకుని తిరిగొచ్చాను.
"మీది కుడిపక్షం నాన్నా" అన్నాను,
రోగం పేరు చెప్పే డాక్టరమ్మలా.
మైనం పూసిన దారం పళ్ళతో తెంపి
"ఎవరి కుడి? నాదా, ఎదురుగా నిలబడ్డ నీదా?
గుర్రం ఎక్కేది ఎడమ నుంచేనమ్మా, ఎవడెక్కినా.
ఎక్కాక కళ్ళెం ఎటు లాగుతాడన్నది
వేరే సంగతి" అన్నాడు.
నా ఓటు మూడురంగుల కూటమికి అన్నాక
పదకొండు రోజులు మాట్లాడలేదు.
మాతే బుర్ర మాత్రం
ముందు నాకే అందించేవాడు.

జెండా కింద పరవడానికి పాత దుప్పటి వెతుకుతుంటే
అలమర మీద బిస్కెట్ల డబ్బా.
లోపల లిస్టులు.
మాకు ఓటంటే ముద్ర గుద్దడం కాదు,
పార్టీ అచ్చేసిన లిస్టు జేబులో పెట్టుకెళ్ళి
తలుపేసిన గదిలో, ఒంటరిగా,
కవరులో పెట్టి రావడం.
తొమ్మిది. అన్నీ తెల్లపార్టీవే.
అన్నీ నాలుగు మడతలు, చొక్కా జేబు కొలతకి.
అరవై ఆరు. డెబ్బై ఒకటి.
ఆ తర్వాత ఎనభై నాలుగే.
మధ్య పదమూడేళ్ళూ తలుపేసిన గదులు ఉండేవి గానీ
వాటిని వేరే పనికి వాడారు.

మరి కవరులో ఏం పెట్టాడు?

"గుర్తుగా దాచుకున్నాడు, ఒక్కో ఏటిది ఒక్కోటి"
బాబాయి దార్దో, అక్కర్లేనంత గట్టిగా.
జుల్మా అత్త ఓ కాగితం ముక్కు దాకా తెచ్చి
"చెమట. ఇది జేబులోనే తిరిగొచ్చింది"
అని సిలువ గీసుకుంది.
తమ్ముడు మూత పెట్టేశాడు.
క్లబ్బులో అనొద్దన్నాడు.

అమ్మ బుర్రలో వేడినీళ్ళు పోస్తూ
"ఆ గదిలో చాలాసేపు ఉండేవాడు.
వరసలో జనం నవ్వేవాళ్ళు,
ఒలెగారియో లిస్టుకి దణ్ణం పెట్టుకుంటున్నాడని."
అంతే.
నీళ్ళు నిండి అంచుమీంచి కారాయి, చూసుకోలేదు.

ఆమె కోసమే అనుకుందామంటే
పెళ్ళి అరవై తొమ్మిదిలో.
మొదటి కాగితం ఆమెని చూడకముందుది.
లెక్క అక్కడ ఆపేశాను.

ఇస్త్రీ పూర్తయింది.
ఒక మూల పేటిక మేకు తుప్పు మరక
నిమ్మకాయ రుద్దినా వదల్లేదు.
క్లబ్బు గుమాస్తా మరకని లోపలికి మడిచి
"మీ నాన్నలాంటి నమ్మకస్తుడు మళ్ళీ పుట్టడు" అన్నాడు.
కళ్ళు తుడుచుకున్నాడు.
వచ్చే ఆదివారపు లిస్టు ఒకటి నా చేతిలో పెట్టాడు.

నా గౌనుకి జేబు లేదు.
అందరికీ కనబడేలా చేత్తోనే పట్టుకుని
పెద్దబజారు మీదుగా ఇంటికి నడిచాను.
దారి పొడుగునా మావాళ్ళు
టోపీలు తీసి పలకరించారు.