కాలు కొలత

కాంటెస్సా వచ్చుడే గుంజుకొచ్చుడు,
ట్రాక్టరెనుక తాడు కట్టి.
ఒకప్పుడు మిర్యాలగూడ రైసుమిల్లు షావుకారిదట.
ముక్కు పొడుగు, నడుము వెడల్పు,
నిలబడి ఉన్నా ఉరుకుతున్నట్టే ఉంటది.
సీట్ల నురగ ఎలుకలు తిన్నయి, తలుపులను తుప్పు తిన్నది.
ఇంజను మాత్రం ఒక్క సెల్ఫుకే ఉరిమింది.
బ్రేకు తొక్కితే గోడ.
బూస్టరు రబ్బరు చినిగి ఎన్నడో చచ్చింది.

పట్నం తుక్కుబజార్ల నాలుగు దినాలు ఎతికినం.
దొరికిన ఒక్కదాని ధర చెప్తే
మొయిజ్ మేస్త్రి బీడి ఆర్పి మళ్ల ముట్టిచ్చిండు.
"తీసి పారేద్దాం. ఉత్త కాలుకే ఆగేటట్టు చేద్దాం."

"ఎవరి కాలుకు?" అన్నడు జంగయ్య.

అప్పుడు చూసినం కిందికి.
ముప్పయేండ్లు బోరు లారీ నడిపిన కాళ్లు.
మర్రిగూడ దిక్కు ఎన్ని ఊళ్లల్ల గొట్టం దింపిండో,
దింపినకాడల్లా మొదటి లోటా తనే తాగిండు.
నీళ్లు తియ్యగనే ఉండెనట.
మోకాళ్లు పాత తలుపు బందుల లెక్క బిగిసినయి,
సగం మడుస్తయి, ఆడికే ఆగుతయి.

మేస్త్రి టేపు తీసిండు.
దర్జీ లాగుకు కొలిచినట్టు
తుంటి నుంచి మోకాలు, మోకాలు నుంచి మడిమ,
గచ్చు మీద సుద్దతోటి గీత.
"ఓ పానా, రాసుకో."
నా పేరు సువర్ణ. షెడ్డుల ఎవరికీ యాదికి లేదు.

ఇగ లెక్క.
సన్న సిలిండరు ఏస్తే కాలుకు బరువు తక్కువ,
పెడలు మాత్రం దూరం పోవాలె.
లావుది ఏస్తే దూరం తక్కువ,
ఎద్దంత బలం కావాలె.
ఒకటి ఇస్తే ఒకటి గుంజుకుంటది
మిత్తికిచ్చెటోని లెక్క.
జంగయ్య మోకాలుకు దూరం లేదు,
అరవై మూడేండ్ల తొడల ఎద్దు లేదు.

మూడు పెడళ్లు కోసినం, రెండు తుక్కుల పడ్డయి.
మూడోదానికి బెజ్జం పైకి జరిపి
ఇరుసుకు బొటనవేలంత దగ్గరికి తెచ్చినం.
అయినా కుదరలే.
రాత్రి పదింటికి కరెంటు పోయింది.
చీకట్లకెల్లి మేస్త్రి గొంతు:
"మోకాలుతోనే తొక్కుమని ఎవడన్నడు?
తుంటితోని తొక్కనీ."
తెల్లారి పెడలును ముట్టలే. సీటు ఇప్పినం.
నాలుగంగుళాలు ఎనకకు, రెండు మీదికి.
కాలు చాపినట్టే ఉంటది, నూకేది నడుము.

గాలి తీసుడు నా పని, అంటే తొక్కుడు.
మేస్త్రి కింద, నేను మీద.
తొక్కు.
పట్టు.
ఇడువకు, ఇడువకు,
ఇడువు.
సీసాల పచ్చటి నూనె, అండ్ల బుడగలు,
మొదలు శెనగలంత, ఎనక ఆవాలంత,
ఆ ఎనక ఏం లేవు.
నా పాదం కింది మెత్తదనం పోయి
రాయి తగిలింది.
"తగిలింది!" అని ఒర్లిన, షెడ్డంతా ఉలిక్కిపడ్డది.

పానగల్లు రోడ్డు. పక్క సీట్ల నేను.
మలుపు కాడ మేకలమంద.
జంగయ్య పండ్లు బిగబట్టి నడుము నూకిండు.
కాంటెస్సా ముక్కు వంచి నేల వాసన చూసి
ఆగింది.
ఆఖరి మేక బంపర్ల మొకం చూసుకొని పోయింది.
చానాసేపు జంగయ్య ఏమనలే,
కాలు తియ్యలే,
తీస్తే బండి మనసు మార్చుకుంటదేమో అన్నట్టు.
"రోడ్డు తెలుస్తుందే బిడ్డా అరికాలుకు," అన్నడు.
"గరుకు గరుకుగ."

మళ్ల షెడ్డు.
"అంత మంచిగుంది మేస్త్రీ, జెర ఎడమకు గుంజుతుంది."
ఇంకో బండి కిందికెల్లి, బయటికి రాకుండనే, జవాబు:
"నల్లగొండ బండి గద జంగన్నా,
ఎడమకు గుంజకుంటే ఎట్ల?"

నవ్వినం. నవ్వుకుంటనే
కుడి చక్రం ఇప్పిన.
గుంజే దిక్కు తప్పుండదు,
ఈడ చేరిన మొదటి దినమే నేర్చుకున్న.
లోపల పిస్టను తుప్పుకు బిగిసి
సగం వస్తుంది, ఆడికే ఆగుతుంది.

ఎమ్రి కాయిదం తడుపుకొని
కింద కూసున్న.