నీలి గుర్తు

గాలి లేని రాత్రి కోసం పదకొండు రోజులు ఆగాం.
బోరా గాలి వీస్తే త్రియెస్తేలో ఇంకేదీ వినబడదు:
కిటికీ రెక్కలు, పడవల తాళ్ళు, జెండా కర్రలు,
ఊరంతా ఒక్కసారే పళ్ళు కొరుకుతుంది.

ఈ రాత్రి ఆగింది. రెండుంబావు.
ఒందీనా రోడ్డు మీద మోకాళ్ళూని
వాల్వు మూత ఎత్తి, ఇనుప కడ్డీ దించి
పై కొసకి చెవి ఆనించింది,
గోడ అవతలి తగువు వినే పొరుగింటావిడలా.

"ముందు కానివన్నీ తీసెయ్" అంటుంది నాతో.
ట్రాన్స్‌ఫార్మర్ ఝుంకారం తీసెయ్.
మూడో అంతస్తులో నిద్రపట్టని మనిషి
బాత్‌రూమ్‌కి లేచాడు, అదీ తీసెయ్.
నీ గుండె చప్పుడు కూడా. కొత్తలో అందరూ
దాన్ని పట్టుకునే రోడ్డు తవ్వించేస్తారు.
ఇంకా ఏదైనా మిగిలితే, అది నీళ్ళు.

కుళాయిని ఎవరో ఒకరు కట్టేస్తారు.
కన్నానికి ఆ దిక్కు లేదు.
చిన్నదైతే బుసకొడుతుంది,
పెద్దది గొణుగుతుంది, దానికేం తొందర?
పోత ఇనుము చాడీలన్నీ మోసుకొస్తుంది.
ప్లాస్టిక్ గొట్టం బెల్లం కొట్టిన రాయి.

ఇక్కడిది పోత ఇనుమే.
రెండు వాల్వుల మీద రెండు సెన్సార్లు బిగించాం.
ఒకే బుస, ఇటు ముందు, అటు రవ్వంత వెనక.
ఆ రవ్వంతలోంచి తెర మీద ఒక మొన లేచింది:
పద్నాలుగు మీటర్లు.
అడుగులు లెక్కపెట్టుకుంటూ ఎక్కితే
తుల్లియో గారి గోడ.
గోడలోంచి అంజూర చెట్టు.

మట్టి లేదు, కుండీ లేదు. రాయీ, సున్నం.
కిందటి ఆగస్టులో గుట్ట మీద గడ్డి మాడిపోతే
ఇది మాత్రం అరచేతులంత ఆకులు చాపింది.
ఆయన జాము వండి సీసాలు పంచాడు.
మొండి చెట్టు అన్నారు తిన్నవాళ్ళు.
మా రిజిస్టరులో ఈ జాయింటు వేసిన ఏడాదీ
చెట్టు మొలిచిందని ఆయన చెప్పే ఏడాదీ
పక్కపక్కనే ఉన్నాయి.

"అది తాగేది గ్లాసెడు," అంది ఒందీనా,
"తక్కినదంతా సముద్రానికే."
రంగు డబ్బా నా చేతిలో పెట్టింది.
ఊపితే లోపల గోలీ గలగలమంది, వీధి వీధికీ వినబడేలా.

కిటికీ తెరుచుకుంది. బనీనులో తుల్లియో.
పై అంతస్తుకి నీళ్ళెక్కడం లేదని
మూడు సార్లు ఫిర్యాదు రాసింది ఆయనే.
"దొరికిందా?"

ఒందీనా నా వంక చూసింది.
దొరికిందన్నాను.
"బతికించారమ్మా" అని కిటికీ మూసుకున్నాడు.

రాళ్ళ మీద నీలి గుర్తు, ఇంకా తడిగా.
ఎనిమిదింటికి తవ్వేవాళ్ళు వస్తారు.
ఒందీనా వ్యానులో సామాన్లు సర్దుతోంది.
పని అయిపోయింది, అయినా
కడ్డీ మళ్ళీ దించి చెవి ఆనించాను.
వ్యాను తలుపు తీసేశాను. ఒందీనా దగ్గు తీసేశాను.
నా గుండె మాత్రం
ఎంత తీసినా పోలేదు.