కుట్టు విప్పిన గురువారం

జిలీబ్‌లో, హసావి నాలుగో వీధిలో
మా దర్జీ షాపు షట్టరు సగమే ఎత్తి ఉంది.
తెల్లటి దిష్‌దాషాకు కాజాలు తీస్తా ఉండా.
పొద్దున తొమ్మిదిన్నర. గురువారం.
గల్లాపెట్టె మీద ఫోను వణికింది,
మళ్ళా వణికింది.
కడప నుంచి చెంగల్రాయుడన్న.

ఆయన సంగతి నీకు చెప్పాల,
ఎవురూ పుస్తకంలో రాయరు గాబట్టి.

ఇరవై ఏండ్ల కింద ఇదే హసావిలో
ఏసీలు రిపేరు చేసే మనిషి.
ఒక రాత్రి రూములో ఎవురో చెప్పినారు, ఎవురికో.
ఇకామా మీద గీత కొట్టి
చెప్పులైనా తొడుక్కోనీకుండా విమానమెక్కించినారు.
"ఉత్తకాళ్లతో దిగినా రా మద్రాసులో" అంటాడు
తిరునాళ్ల ముచ్చట మాదిరి నవ్వుతా.

కడపలో సైకిలు షాపు పైన గది బాడిగకు తీసుకున్నాడు.
బోర్డు లేదు. ఒక చాప, ఒక కూజా, ఒక ఫోను.
రాత్రి పది దాటితే మోగుతాది.
ప్రొద్దుటూరు బట్టలంగడి గుమాస్తా,
నందలూరులో రైలు పట్టాలు చూసే ఆయన,
ముహూర్తం పెట్టేసిన ఇంట్లోంచి గుసగుసగా ఒక పిల్లోడు.
అందురూ అడిగేది ఒకటే:
"నేనొక్కణ్ణేనా అన్నా?"
"కాదబ్బీ, నీ ఎనకాల ఇంకోడు లైన్లో ఉండాడు,
బిన్నా చెప్పు."

నేనూ ఆ లైన్లో నిలబడినోణ్ణే,
కువైటు నుంచి, కార్డు గీకి, నిమిషాలు లెక్కబెట్టుకుంటా.

దర్జీవాణ్ణి. ఈ కథ నాకు బట్ట మాదిరే అర్థమవుతాది.
రెండువేల తొమ్మిదిలో ఢిల్లీలో ఒక కోర్టు కుట్టు విప్పింది.
అన్న ఆ పొద్దు సైకిలు షాపోనికి కూడా టీ తాపించినాడు,
ఎందుకో చెప్పకుండానే.
నాలుగేండ్లకు, డిసెంబరులో, పైకోర్టు
అదే చోట మళ్ళా కుట్టేసింది.
ఆ రాత్రి ఫోను మోగలేదంట.
"వాన పడితే కోళ్ళు దూరినట్టు
అందురూ లోపలికి పోయినారు రా" అన్నాడు.
ఆయన పోలేదు.
మర్సటి సోమవారం, అర్జీలిచ్చే రోజు,
కలెక్టరాఫీసు ముందర పదకొండు మంది, ఒక అట్టముక్క.
అట్ట మీద అక్షరాలన్నీ తప్పులే.
ఏడుగురు మొగానికి రుమాలు కట్టుకున్నారు.
నలుగురు కట్టుకోలేదు.
చరిత్ర అంటే నాకు
ఆ నలుగురి ముక్కులూ మూతులూ.

ఫోనెత్తినా.
అన్న మాట్లాడలా. ఎనకాల పలకల మోత,
ఎవురో ఏడుస్తా, ఎవురో ఈలేస్తా.
"విప్పేసినారబ్బీ" అన్నాడు కడాకు,
"ఈసారి దారం కూడా పీకేసినారు."

ఒక ఇయర్‌ఫోను నా చెవిలో ఉంది.
రెండోది పెంచలయ్య చెవిలో పెట్టినా.
ఇస్త్రీపెట్టె ఎత్తడం మరిచిపోయినాడు వాడు,
తెల్లబట్ట మీద పడవ ఆకారంలో కాలిన మచ్చ.
ఎనిమిదేండ్లు ఒకే రూములో,
కింది మంచం వాడిది, పై మంచం నాది.
తక్కిన ఆరుగురికీ మేం ఒక ఊరోళ్ళం, అంతే.
ఆ మాటే మాకు దుప్పటి.

ఉస్తాదు, పెషావరు ముసలాయన, అద్దాల మీంచి చూసినాడు.
"క్యా హువా? మీ దేశంలో పండగా?"
ఏం చెప్పాల?
ఇక్కడి చట్టానికీ ఒక నంబరుంది.
రసీదు పుస్తకంలో ఆ నంబరు తగిలితే
చింపేసి తర్వాతి కాగితం మీద రాస్తా.
"దూరపు చుట్టానికి బెయిలొచ్చింది ఉస్తాద్."
"ముబారక్" అన్నాడు, సూదిలో దారం ఎక్కించుకుంటా.
కాలిన బట్టకు జీతంలో పన్నెండు దీనార్లు పట్టుకున్నాడు.

రాత్రి మిద్దెమీద, డిష్ గొడుగుల నడుమ,
ఒక లబన్ సీసా ఇద్దరం తాగినాం.
ఎయిర్‌పోర్టు పక్కనే గదా,
విమానాలు తలమీద కూర్చునేటట్టు పోతా ఉండాయి.
"ఆ తీర్పు విమానమెక్కి ఈడికి వస్తాదా?" అన్నాడు పెంచలయ్య.
"దానికి ఇకామా ఎవురిస్తారు?"
నవ్వినాం. నవ్వు ఆగినాక
వాడి చిటికెనవేలు నా చిటికెనవేలి దాకా వచ్చి
అర అంగుళం ఇవతల నిలబడింది.

పన్నెండు దీనార్లు కట్టినాం గాబట్టి ఆ దిష్‌దాషా మాదే.
వాడు పండుకునేటప్పుడు తొడుక్కుంటాడు.
మచ్చకు మాసిక వెయ్యనా అంటే
వొద్దంటాడు.